ఒక గ్రౌండు, ఒక పెన్సిలు, వందేళ్ళ లెక్కలు

చికాగో శివార్లలో ఉండే తెలుగువాళ్ళం నెలకోసారి కలుస్తాం కదా, పోయిన శనివారం అక్కడ జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చేయండి, కుర్చీలు ఉన్నాయి. పిల్లలూ, మీరు ఇటు పక్కకి రండి, మీతో పని ఉంది నాకు.

బేస్‌బాల్ గురించి మాట్లాడతాను అంటే ఇంట్లోనే అడిగారు, మనవాళ్ళకి క్రికెట్ ఉందిగా, ఇదెవరు వింటారు అని. నేను ఆట ఎలా ఆడాలో చెప్పడానికి రాలేదండీ. ఆ ఆటని వీళ్ళు ఎలా రాసిపెట్టుకున్నారో చెప్పడానికి వచ్చాను. అందులో ఉన్న మజా చెప్పడానికి వచ్చాను. ఎందుకంటే అది మనకి బాగా తెలిసిన మజానే.

ఒక ప్రశ్న. అజహరుద్దీన్ ఎన్ని టెస్టులు ఆడాడు? ఆ, అక్కడెవరో చెప్పేశారు. 99. అత్యధిక స్కోరు ఎంత? 199. మొదటి మూడు టెస్టుల్లో? కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. మూడు టెస్టులు, మూడు సెంచరీలు, ఇంతవరకు ఇంకెవరూ చెయ్యలేదు. నేను ఆ రోజుల్లో రేడియో పక్కన కూర్చుని లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్లో ఆ స్కోర్లు రాసుకున్నాను. మీలో ఎంతమంది రాసుకున్నారు? చూశారా, ఎన్ని చేతులు లేచాయో! మరి మనకి ఎవరైనా చెప్పారా రాసుకోమని? పరీక్షలో వస్తుందా? రాదు. అయినా 99 దగ్గర ఆగిపోయిన మనిషికి 199 దగ్గర కూడా ఒక్క పరుగు తగ్గింది అని తెలిసినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ రోజు నేను మాట్లాడేది ఆ జలదరింపు గురించే.

బేస్‌బాల్‌కి ఈ లెక్కల పిచ్చి నేర్పింది కూడా క్రికెట్ వాడే. హెన్రీ చాడ్విక్ అని, 1824లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే అమెరికా వచ్చి బ్రూక్లిన్‌లో పెరిగాడు. పేపర్లకి క్రికెట్ మ్యాచ్‌లు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ చూసి, అరే దీనికీ మన క్రికెట్ స్కోర్‌బోర్డు లాంటిది ఉండాలి కదా అనుకుని పేపర్లో వేసే స్కోరు పట్టికని తీర్చిదిద్దాడు. ఇవాళ్టికీ స్ట్రైకౌట్ అయితే, అంటే కొట్టాల్సిన బంతులు మూడు కొట్టలేక బ్యాటర్ అవుటైతే, కే అనే అక్షరం రాస్తారు, ఎందుకో తెలుసా? ఎస్ అక్షరం అప్పటికే ఇంకో దానికి వాడేశారు. అందుకని స్ట్రక్ అనే మాటలో చివరి అక్షరం తీసుకున్నాడు. నూట యాభై ఏళ్ళు దాటినా అదే అక్షరం.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆఫీసు వాళ్ళు రిగ్లీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళారు. చికాగో కబ్స్ వాళ్ళ గ్రౌండు, 1914లో కట్టింది. గోడల మీద ఐవీ తీగ, అవతల స్కోర్‌బోర్డు 1937 నాటిది, ఇప్పటికీ లోపల మనుషులు ఉండి చేత్తో అంకెల పలకలు పెడతారు. నాకు ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క సీట్లో ఒక పెద్దాయన, డెబ్భై పైనే ఉంటాయి, ఒళ్ళో అట్ట మీద కాగితం, చేతిలో పొట్టి పెన్సిలు. ప్రతి బంతికీ ఏదో గీస్తున్నాడు. నేను తొంగి చూస్తుంటే నవ్వి కాగితం నా వైపు తిప్పాడు.

ఇదిగో, మీ అందరికీ ఇచ్చిన కాగితం చూడండి. గడులు ఉన్నాయి కదా? ఒక్కో గడిలో చిన్న వజ్రం ఆకారం. నాలుగు మూలలు నాలుగు బేసులు. ఫీల్డింగ్ చేసేవాళ్ళకి నంబర్లు: బంతి వేసే పిచ్చర్ 1, బ్యాటర్ వెనకాల పట్టుకునే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఎడమ నుంచి కుడికి అవుట్‌ఫీల్డర్లు 7, 8, 9. ఇవి చొక్కా మీది నంబర్లు కావు, నిలబడే చోటుకి ఇచ్చినవి. ఇప్పుడు ఆయన గడిలో 6-4-3 అని రాశాడు. అంటే ఏంటి? షార్ట్‌స్టాప్ బంతి పట్టుకుని సెకండ్ బేస్ వాడికి వేశాడు, వాడు ఫస్ట్ బేస్‌కి వేశాడు, ఇద్దరు అవుట్. మూడంకెల్లో మొత్తం సినిమా! బ్యాటర్ ఆఖరి బంతికి బ్యాటు ఊపి, తప్పి అవుటైతే కే. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తారు. హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొడితే వజ్రం మొత్తం నల్లగా నింపేస్తారు. ఆ పెద్దాయన పెన్సిలు వంచి, నెమ్మదిగా, మూలలు బయటికి పోకుండా నింపుతుంటే నేను ఆట చూడ్డం మానేసి ఆయన వేళ్ళే చూస్తూ కూర్చున్నాను. చివర్లో పెన్సిలు నా చేతికి ఇచ్చి ఆఖరి ఇన్నింగ్స్ నువ్వు రాయి అన్నాడు. అప్పుడు పట్టుకుంది నాకు. ఇంక వదల్లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. రికార్డులు అనగానే అందరూ పెద్ద అంకెల దగ్గరికి వెళ్తారు. బ్యారీ బాండ్స్ 762 హోమ్ రన్లు, అంతకు ముందు హ్యాంక్ ఆరన్ 755, అంతకు ముందు బేబ్ రూత్ 714. బాగుంది. కానీ నాకు ఆరన్ గురించి ఇష్టమైన లెక్క ఇంకోటి: ఆయన హిట్లు, అంటే బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరినవి, మొత్తం 3771, అందులోంచి 755 హోమ్ రన్లూ తీసేయండి. ఎంత మిగిలింది? పిల్లలూ, త్వరగా! 3016. 3000 హిట్లు అంటే ఈ ఆటలో శిఖరం. హోమ్ రన్లన్నీ తీసేసినా ఆయన ఆ శిఖరం మీదే ఉన్నాడు! ఇలాంటి తీసివేత చేసినప్పుడు మనిషి ఎంతవాడో తెలుస్తుంది.

నేను ఈ రోజు ఎక్కువ ఊళ్ళు తిప్పను మిమ్మల్ని. మన ఊరి గ్రౌండు ఒక్కటి చాలు. రిగ్లీ ఫీల్డ్‌లోనే ఎన్ని ఉన్నాయో చూడండి.

1917 మే 2. అప్పుడు దాని పేరు వీగ్‌మన్ పార్క్. కబ్స్ తరఫున హిప్పో వాన్, సిన్సినాటి రెడ్స్ తరఫున ఫ్రెడ్ టోనీ, ఇద్దరూ పిచ్చర్లు. అవతలి టీమ్‌కి మ్యాచ్ మొత్తం మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకపోతే దాన్ని నో-హిట్టర్ అంటారు, అది జరగడమే అరుదు. ఆ రోజు తొమ్మిది ఇన్నింగ్స్, అంటే మామూలుగా ఒక మ్యాచ్ మొత్తం, అయ్యేసరికి ఇటువైపూ హిట్ లేదు, అటువైపూ హిట్ లేదు. ఇద్దరూ! ఒకే మ్యాచ్‌లో! ఇక్కడి అన్నిటికంటే పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్ చరిత్రలో అదొక్కసారే. పదో ఇన్నింగ్స్‌కి వెళ్ళారు. అక్కడ రెడ్స్ తరఫున లారీ కాఫ్ మొదటి హిట్ కొట్టాడు, తర్వాత ఒక క్యాచ్ జారిపోయింది, ఆ తర్వాత వచ్చినవాడు బంతిని మెల్లగా దొర్లించాడు, కాఫ్ హోమ్ బేస్‌కి చేరిపోయాడు. 1-0. ఆ బంతి దొర్లించింది ఎవరో తెలుసా? జిమ్ థోర్ప్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండు బంగారు పతకాలు గెలిచిన థోర్ప్. అంతకు ముందు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని చెప్పి ఆ పతకాలు వెనక్కి తీసేసుకున్నారు, గుర్తుందా ఆ కథ? ఆ థోర్ప్, ఆ చిన్న దెబ్బ, ఆ మ్యాచ్. టోనీ పదో ఇన్నింగ్స్‌లోనూ హిట్ ఇవ్వలేదు. వాన్ అంత గొప్పగా వేసి ఓడిపోయాడు. నాకు ఎప్పుడూ వాన్ గురించే బాధ.

ఇప్పుడు అదే గ్రౌండు, ఐదేళ్ళ తర్వాత. 1922 ఆగస్టు 25. కబ్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్. నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి కబ్స్ 25, ఫిలీస్ 6. ఇంక ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా? వెళ్ళకూడదండీ! ఫిలీస్ కొట్టడం మొదలెట్టారు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎనిమిది, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆరు, బేసులన్నీ నిండి ఉండగా ఆఖరి అవుట్ పడింది. 26-23. మొత్తం 49 పరుగులు. మేజర్ లీగ్‌లో ఒక మ్యాచ్‌లో అన్ని పరుగులు అంతకు ముందూ లేవు, ఆ తర్వాతా లేవు. హిట్టే లేని గడ్డ మీద 49 పరుగులు.

ఆగండి, అయిపోలేదు. 1979 మే 17. అదే గ్రౌండు. ఎవరెవరు? కబ్స్, ఫిలీస్. మళ్ళీ వాళ్ళే! ఆ రోజు గాలి లోపల్నుంచి బయటికి విపరీతంగా వీచింది. మిషిగన్ సరస్సు పక్కన గాలి సంగతి మనకి చెప్పక్కర్లేదు కదా, జనవరిలో మొహం కోసేసేది అదే. ఫిలీస్ 21-9తో ముందున్నారు ఒక దశలో. కబ్స్ దాన్ని 22-22 చేశారు. పదో ఇన్నింగ్స్‌లో మైక్ ష్మిట్ హోమ్ రన్ కొడితే ఫిలీస్ 23-22తో గెలిచారు. 45 పరుగులు. 57 ఏళ్ళ తేడాలో అదే రెండు టీములు, అదే గ్రౌండు. ఎవరూ రాసిపెట్టకపోతే మనకి తెలిసేదా ఇది? రెండూ రెండు మధ్యాహ్నాలు, చూసినవాళ్ళతోనే పోయేవి.

మధ్యాహ్నాలు అన్నాను కదా, అదీ ఒక ముఖ్యమైన సంగతే. రిగ్లీలో 1988 దాకా లైట్లు లేవు, ఆటలన్నీ పగలే. ఆ పగటి ఆట వల్లే ఇంకో విచిత్రం జరిగింది, నాకు చాలా ఇష్టమైనది. 1982 ఆగస్టు 4. జోయెల్ యంగ్‌బ్లడ్, న్యూయార్క్ మెట్స్ ఆటగాడు, రిగ్లీలో మధ్యాహ్నం మ్యాచ్‌లో హిట్ కొట్టాడు. కాసేపటికి మేనేజర్ పిలిచి నిన్ను మాంట్రియల్‌కి ఇచ్చేశాం, వాళ్ళు ఇవాళ రాత్రి ఫిలడెల్ఫియాలో ఆడుతున్నారు, వెళ్ళు అన్నాడు. హోటల్‌కి వెళ్ళి సామాను సర్దుకుని బయల్దేరాక గుర్తొచ్చింది, గ్లవ్ గ్రౌండులోనే మర్చిపోయాడు! మళ్ళీ వెనక్కి వచ్చి గ్లవ్ తీసుకుని, విమానం ఎక్కి, ఫిలడెల్ఫియాలో దిగి, మ్యాచ్ మధ్యలో మాంట్రియల్ చొక్కాతో దిగి అక్కడా హిట్ కొట్టాడు. ఒకే రోజు, రెండు ఊళ్ళు, రెండు టీములు, రెండు హిట్లు. ఇంకెవరూ లేరు. ఇంకా ఉంది వినండి. చికాగోలో ఎవరి బంతి కొట్టాడు? ఫెర్గూసన్ జెంకిన్స్. ఫిలడెల్ఫియాలో? స్టీవ్ కార్ల్‌టన్. ఇద్దరూ తర్వాత ఆటలో గొప్పవాళ్ళకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళినవాళ్ళు, ఇద్దరూ 3000 స్ట్రైకౌట్లు దాటినవాళ్ళు. ఒక మామూలు ఆటగాడికి ఒక రోజు అలా కలిసొచ్చింది.

తర్వాత లైట్లు పెట్టారు. మొదటి రాత్రి మ్యాచ్‌కి ముహూర్తం 1988 ఆగస్టు 8. 8-8-88! మనవాళ్ళు పెట్టినట్టే ఉంది కదా ముహూర్తం. అవతల మళ్ళీ ఫిలీస్. మొదటి బ్యాటరే హోమ్ రన్ కొట్టాడు, ఫిల్ బ్రాడ్లీ. మూడున్నర ఇన్నింగ్స్ అయ్యాయి, వాన. ఆగలేదు. అప్పటి రూలు ప్రకారం ఐదు ఇన్నింగ్స్ కాకముందే వాన ఆపేస్తే ఆ మ్యాచ్ జరగనట్టే. అన్నీ కొట్టివేత. బ్రాడ్లీ హోమ్ రన్ లెక్కలో లేదు. స్టేడియం నిండా జనం కళ్ళారా చూశారు, కానీ పుస్తకంలో లేదు. మర్నాడు 9న మెట్స్‌తో ఆడిందే మొదటి రాత్రి మ్యాచ్.

ఒక్కటి మాత్రం వేరే ఊరిది చెప్తాను, ఎందుకంటే వాన రికార్డుని చెరిపేసినట్టే వాన రికార్డుని పుట్టించింది కూడా. ఇప్పుడు రూలు మారింది, వానకి ఆగితే ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలెడతారు. 2024 జూన్ 26, బాస్టన్ ఫెన్‌వే పార్క్. టొరాంటో క్యాచర్ డానీ జాన్సెన్ రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్ చేస్తుండగా వాన. మ్యాచ్ ఆగిపోయింది. జులైలో జాన్సెన్‌ని టొరాంటో వాళ్ళు బాస్టన్‌కే ఇచ్చేశారు. ఆగస్టు 26న ఆ మ్యాచ్ మళ్ళీ మొదలైంది. బ్యాటింగ్ ఎవరిది? లెక్క ప్రకారం జాన్సెన్‌ది. కానీ జాన్సెన్ ఇప్పుడు ఎక్కడున్నాడు? బాస్టన్ క్యాచర్‌గా బ్యాటర్ వెనకాల కూర్చున్నాడు! ఆయన మొదలెట్టిన బ్యాటింగ్ పూర్తి చెయ్యడానికి టొరాంటో వేరేవాడిని పంపితే, ఆ బంతి పట్టుకునేది ఆయనే. ఒకే మ్యాచ్‌లో రెండు టీములకీ ఆడిన మొదటి మనిషి. ఆ రోజు స్కోర్‌కార్డు ఊహించుకోండి, పై పట్టికలోనూ ఆ పేరే, కింద పట్టికలోనూ ఆ పేరే. నేను ఇంట్లో కూర్చుని ఆ మ్యాచ్ రాసుకున్నాను, పేరు రెండోసారి రాసేటప్పుడు నిజంగా చెయ్యి వణికింది.

సరే, ఇప్పుడు కొంచెం లోతుకి వెళ్దాం. ఈ లెక్కలు ఒకసారి రాస్తే రాతి మీద చెక్కినట్టు అనుకుంటాం. కాదు. మళ్ళీ రిగ్లీకే వస్తున్నా. 1985లో పీట్ రోజ్ అని, సిన్సినాటి ఆటగాడు, మేనేజర్ కూడా ఆయనే, టై కాబ్ పేరు మీద ఉన్న 4191 హిట్ల రికార్డు వెంట పడ్డాడు. సెప్టెంబర్ 8, ఆదివారం, రిగ్లీలో మ్యాచ్. ఆ రోజు కబ్స్ తరఫున ఎడమచేతి పిచ్చర్ స్టీవ్ ట్రౌట్ వెయ్యాలి, ఎడమచేతి వాళ్ళు వేసే రోజు రోజ్ కూర్చుంటున్నాడు. అయితే ట్రౌట్ సైకిల్ మీద నుంచి పడ్డాడు! కుడిచేతి వాడు వచ్చాడు. రోజ్ తన పేరు తనే రాసుకుని దిగి రెండు హిట్లు కొట్టి 4191 చేసేశాడు, సమానం. మూడు రోజుల తర్వాత 11న సొంత ఊళ్ళో 4192 కొడితే ఊరంతా పండగ.

కానీ అసలు సంగతి, అప్పటికే పరిశోధకులు ఒక తప్పు పట్టుకుని ఉన్నారు. 1910లో కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ని లెడ్జరులో రెండుసార్లు ఎక్కించారు. అందులో రెండు హిట్లు. తీసేస్తే కాబ్‌ది 4189. అంటే 4190వ హిట్ ఎక్కడ కొట్టినట్టు? రిగ్లీలో, ఆ ఆదివారం, మొదటి ఇన్నింగ్స్‌లో! ఆ లెక్కన అసలు రికార్డు మన ఊళ్ళో బద్దలైంది, ఒకడు సైకిల్ మీంచి పడబట్టి. ఆ రోజు అక్కడున్న జనానికి ఆ సంగతి తెలీదు. ఎంత బాగుందో చూడండి ఇది.

ఇంకోటి కూడా కబ్స్‌దే. హ్యాక్ విల్సన్, ఐదడుగుల ఆరంగుళాల మనిషి, 1930లో 190 ఆర్‌బీఐలు చేశాడు. ఆర్‌బీఐ అంటే ఆయన బ్యాటు వల్ల టీమ్‌కి వచ్చిన పరుగులు. ఒక సీజన్‌లో 100 దాటితేనే గొప్ప. ఎవరూ అందుకోలేదు. అయితే పాత పేపర్లు తిరగేసేవాళ్ళకి ఒకచోట లెక్క కలవలేదు. ఆ ఏడాది జులై 28, రెండో మ్యాచ్, విల్సన్‌కి రావాల్సిన ఒకటి ఇంకో ఆటగాడు చార్లీ గ్రిమ్ ఖాతాలో పడింది. మొత్తానికి 1999లో అధికారికంగా 191 చేశారు. 69 ఏళ్ళ తర్వాత! విల్సన్ 1948లోనే పోయాడు. ఆ ఒక్కటి ఇవ్వకపోతే ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. 190 అయినా రికార్డే, 191 అయినా రికార్డే. అయినా వాళ్ళు పట్టు వదల్లేదు. ఆ మనిషి కొట్టాడు, కాబట్టి రాయాలి, అంతే. నాకు ఆ పట్టుదల మీద గౌరవం.

ఆ పట్టుదలతోనే 1989లో డేవిడ్ స్మిత్ అనే బయాలజీ ప్రొఫెసర్ రెట్రోషీట్ అని మొదలెట్టారు. పాత మ్యాచ్‌ల స్కోర్‌కార్డులు టీముల దగ్గర, రిపోర్టర్ల దగ్గర, అభిమానుల అటకల మీద ఉన్నవి పోగుచేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తారు, అందరూ జీతం లేకుండా చేసేవాళ్ళే, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. నా పక్కన కూర్చున్న పెద్దాయన లాంటివాళ్ళ కాగితాలన్నమాట.

ఇంక అన్నిటికంటే పెద్ద దిద్దుబాటు గురించి చెప్పకపోతే తప్పు చేసినట్టే. 1947 దాకా నల్లవాళ్ళని మేజర్ లీగుల్లో ఆడనివ్వలేదు. వాళ్ళ లీగులు వాళ్ళవి. 1920లో మొదటి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టిన రూబ్ ఫాస్టర్ మన చికాగో అమెరికన్ జెయింట్స్ నడిపినాయనే. వాళ్ళ ఆల్‌స్టార్ మ్యాచ్ 1933 నుంచి ఇక్కడి కమిస్కీ పార్క్‌లోనే జరిగేది. ఆ ఆటలన్నీ నల్లవాళ్ళ పత్రికల్లో అచ్చయ్యాయి, కానీ పెద్ద పుస్తకంలోకి రాలేదు. పరిశోధకులు ఆ పాత పేపర్లు ఒక్కొక్కటీ వెతికి స్కోర్లు కూడబెట్టారు. 2020 డిసెంబర్‌లో వాటిని మేజర్ లీగులుగా ఒప్పుకున్నారు, 2024 మేలో అంకెలు కలిపేశారు. కలిపితే ఏమైంది? కెరీర్ బ్యాటింగ్ సగటులో మొదటి పేరు టై కాబ్ .367 కాదు, జాష్ గిబ్సన్ .372. అంటే వందసార్లు బ్యాటింగ్‌కి వస్తే 37 హిట్లు. వాళ్ళ సీజన్లు చిన్నవి కదా, పోలిక ఎలా అని కొందరు అంటారు. సీజన్లు చిన్నవి కావడం గిబ్సన్ తప్పా? 1947 జనవరిలో 35 ఏళ్ళకే పోయాడు ఆయన. ఏప్రిల్‌లో ఆ అడ్డుగోడ దాటి జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ గ్రౌండులోకి దిగాడు. మూడు నెలలు. ఈ మూడు నెలలు తల్చుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, క్షమించాలి.

పిల్లల కోసం ఒకటి చెప్పి ముగిస్తాను. కబ్స్ 1908లో ఛాంపియన్లు అయ్యారు, మళ్ళీ ఎప్పుడు? 2016. ఎన్నేళ్ళు? 108. ఇదిగో బంతి. ఈ ఎర్ర కుట్లు లెక్కపెట్టండి, జంట కుట్లు ఎన్ని ఉంటాయో చెప్పండి. లెక్కపెట్టేదాకా నేను చెప్పను. ఒకరి తర్వాత ఒకరు తీసుకోండి, తోసుకోవద్దు.

పెద్దవాళ్ళకి పెన్సిళ్ళు ఆ టేబుల్ మీద ఉన్నాయి. రబ్బరున్నవే తెచ్చాను, మొదటిసారి అందరం తప్పులు రాస్తాం. ఇప్పుడు తెర మీద ఒక పాత మ్యాచ్, ఒకే ఒక ఇన్నింగ్స్ వేస్తున్నాను. కాగితంలో ఎడమవైపు పేర్లు రాసుకోండి. రాశారా? మొదటి బ్యాటర్ వచ్చాడు. నేలబారుగా కొట్టాడు, షార్ట్‌స్టాప్ పట్టుకున్నాడు, ఫస్ట్ బేస్‌కి వేశాడు, అవుట్. ఏం రాయాలి? ఆ ఎర్ర చీర అమ్మగారూ, మీరు చెప్పండి. 6-3. అదీ! రాసేయండి.